బ్యాట్ హీరోది కావచ్చు, భుజం మనది

పోయిన నెల ఒక రాత్రి పదిన్నరకు మా బాబాయి కొడుకు వాట్సాప్‌లో ఓ లింక్ పంపాడు. దాని కింద ఒకటే లైను. ‘అన్నా, ఈ బ్యాట్ తీస్కుంటున్నా. పన్నెండింటికి ఆఫర్ అయిపోద్ది. ఓకేనా?’

తెరిచి చూశాను. షటిల్ బ్యాట్. నల్లగా మెరుస్తూ కొత్త బైకులా ఉంది. ఆఫర్ పోను 6,800 రూపాయలు. కింద వివరాలు చదివాను. 3యూ బరువు, హెడ్ హెవీ, ఎక్స్‌ట్రా స్టిఫ్. ఆ మూడు మాటలు చూడగానే నా కుడి మోచెయ్యి ఒకసారి సలిపినట్టయింది. ఎందుకో తర్వాత చెబుతా.

వాడు ముదిగొండలోనే ఉంటాడు. డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీ లేని రోజుల్లో మిరపకాయల బస్తాలు మోసి, ట్రాలీల్లోకి ఎత్తి దాచుకున్న డబ్బులవి. ఇంట్లో వాళ్లని రూపాయి అడగలేదు. కాబట్టి ‘వద్దు’ అనే హక్కు నాకు లేదు. కానీ తెలిసి తెలిసి ఊరుకోలేను కదా.

‘బుక్ చెయ్యకురా. పొద్దున ఫోన్ చేస్తా.’

‘ఆఫర్ పోద్దన్నా!’

‘పోనీ. ఆఫర్ మళ్లీ వస్తది. భుజం పోతే రాదు.’

వాడు కోపంగా ఉన్న ఎమోజీ ఒకటి పెట్టి ఆఫ్‌లైన్ అయిపోయాడు.

ఈ వారం కాలమ్ వాడి కోసమే. ఫోన్‌లో బ్యాట్ చూసి మనసు పారేసుకుని, వేలు ‘బై నౌ’ మీద పెట్టి కూర్చున్న మీ అందరి కోసం కూడా.

నా తొలి జీతం కథ

ఆరేళ్ల కిందట హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. తొలి జీతంతో నేను చేసిన మొదటి పని, అచ్చం ఇలాంటి బ్యాటే కొనడం. తల బరువు, షాఫ్ట్ గట్టి. యూట్యూబ్‌లో ఎవరో 28 పౌండ్ల టెన్షన్ అంటే బ్రహ్మాండమన్నారు. నేనూ 28 పౌండ్లకే గట్టింగ్ చేయించా. షాపతను ‘అంత అవసరమా అన్నా?’ అని అడిగాడు కూడా. నాకేం తెలియదనుకుంటున్నాడు పాపం అనుకున్నా.

అప్పటికి పదేళ్లుగా మా ఊళ్లో నేనూ మా బావా జోడీ. బావ గ్రానైట్ కటింగ్ యూనిట్‌లో పనిచేస్తాడు. మనిషి ఎత్తు, చెయ్యి ఇనుము. వాడు వెనక నిలబడి కొడతాడు. నేను నెట్ దగ్గర నిలబడి, అవతలివాళ్లు ఎలాగోలా లేపిన కాక్‌ని నొక్కేస్తాను. మా జోడీ గెలిచిన పాయింట్లన్నీ దాదాపు ఇలాగే వచ్చేవి.

కొత్త బ్యాట్ చేతికొచ్చాక నాకు తిక్క మొదలైంది. ‘బావా, ఈసారి నేను వెనక ఉంటా. నువ్వు ముందుకెళ్లు’ అన్నాను. సంక్రాంతి టోర్నమెంట్. మొదటి రౌండ్. పక్కూరి పిల్లలు. అంతకుముందు ఏడాది వాళ్లని పదిలోపే కట్టేశాం. ఈసారి మేం రెండు గేముల్లో ఇంటికొచ్చేశాం. నేను కొట్టిన స్మాష్‌లు సగం నెట్‌లో పడ్డాయి. మిగతా సగం అవతలివాళ్ల చేతికి సుఖంగా వెళ్లాయి. నెట్ దగ్గర బావ నాలుగు స్తంభాలాటలో దొరికిపోయినవాడిలా అటూ ఇటూ తిరిగాడు.

బావ ఏమీ అనలేదు. అదే పెద్ద బాధ. బ్యాట్ కవర్లో పెట్టుకుని బండెక్కి వెళ్లిపోయాడు. పండగ భోజనానికి కూడా మా ఇంటికి రాలేదు.

అంతటితో ఆగితే బావుండేది. ఓడిన కసితో రోజూ గంట సేపు స్మాష్ ప్రాక్టీస్ చేశా. మూడు వారాలకు మోచెయ్యి బయటి వైపు నొప్పి పట్టుకుంది. చెంబు ఎత్తితే నొప్పి, తలుపు గడియ తిప్పితే నొప్పి. డాక్టరు దగ్గరకెళ్తే ‘టెన్నిస్ ఎల్బో’ అన్నాడు. నేను జన్మలో టెన్నిస్ ఆడలేదు! ఆర్నెల్లు ఆట బంద్.

‘నువ్వు ఆడే ఆట ఏది?’

ఆ ఆర్నెల్లలో ఒకసారి ఖమ్మంలో మాకు పరిచయమున్న ఒక పెద్దాయన్ని కలిశాను. ఆయన కుర్రతనమంతా బాల్ బ్యాడ్మింటన్‌లో గడిచింది. పసుపుపచ్చ ఉన్ని బంతి, జట్టుకు ఐదుగురు. మన పల్లెల్లో షటిల్ కంటే ముందు ఉన్న ఆట అదే. నా బ్యాట్ చేతిలోకి తీసుకుని, చూపుడు వేలి మీద అడ్డంగా పెట్టి, అటూ ఇటూ జరిపి, ఒకచోట నిలబెట్టాడు.

‘ఏ ఆట ఆడతావ్?’ అన్నాడు.

‘స్మాష్ అంకుల్’ అన్నాను.

‘నువ్వు ఆడాలనుకునేది అడగలే. ఆడేది అడిగినా.’

నా దగ్గర సమాధానం లేదు. నేను చెప్పేది మొత్తం ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది. మనం బ్యాట్ కొనేటప్పుడు మన ఆట చూసుకోం. మనకిష్టమైన ఆటగాడి ఆట చూసుకుంటాం. బ్యాట్ తయారుచేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే డబ్బా మీద ఎప్పుడూ ఎగిరి స్మాష్ కొడుతున్న బొమ్మే ఉంటుంది. వంగి నెట్ దగ్గర కాక్ నొక్కుతున్న బొమ్మ ఎక్కడైనా చూశారా?

ముందు ఫోన్ ఇటుక మీద పెట్టండి

మీ ఆట ఏదో తెలుసుకోవడానికి కోచ్ అక్కర్లేదు. మీ చేతిలో ఫోన్ ఉంది. కోర్టు వెనకాల ఒక ఇటుక పెట్టి, దానికి ఫోన్ ఆనించి, మూడు గేములు వీడియో తీయండి. ఇంటికొచ్చి మీరు కొట్టిన షాట్లు లెక్కపెట్టండి. కాగితం మీద మూడు గళ్లు గీస్తే చాలు.

మొదటి గడిలో తల మీంచి కొట్టినవి. స్మాష్, టాస్, వెనక నుంచి వేసిన డ్రాప్. రెండో గడిలో ఛాతీ, నడుము ఎత్తులో బల్లపరుపుగా కొట్టినవి, స్మాష్ వస్తే అడ్డుకున్నవి. మూడో గడిలో నెట్ దగ్గర ఆడినవి. ఏ గడి నిండితే మీ ఆట అది.

ఇంకో చిన్న లెక్క కూడా వేయండి. మీరు కొట్టిన స్మాష్‌లు ఎన్ని, వాటిలో పాయింట్ తెచ్చినవి ఎన్ని? ఈ లెక్క ఎవరికీ చూపించక్కర్లేదు. మీకు మీరు అబద్ధం చెప్పుకోకుండా ఉంటే చాలు.

ఇప్పుడు బ్యాట్ సంగతి

ధర, రంగు, హీరో ఫొటో పక్కన పెట్టేస్తే చూడాల్సినవి నాలుగే.

మొదటిది, బరువు ఎక్కడుంది అన్నది. పెద్దాయన వేలి మీద పెట్టి చూసింది ఇదే. బ్యాట్ మొత్తం పొడవు నిబంధనల ప్రకారం 68 సెంటీమీటర్లు దాటకూడదు. పిడి చివర నుంచి కొలిస్తే, బ్యాట్ వేలి మీద తూగే చోటు సుమారు 28.5 సెంటీమీటర్ల లోపే ఉంటే తల తేలిక, అంటే హెడ్ లైట్. 29.5 దాటితే తల బరువు, అంటే హెడ్ హెవీ. మధ్యలో ఉంటే సమతూకం, ఈవెన్ బ్యాలెన్స్. తేడా ఒక్క సెంటీమీటరే. చేతికి మాత్రం చాలా తెలుస్తుంది.

తల బరువున్న బ్యాట్ సుత్తి లాంటిది. చెయ్యి వెనక్కి తీసుకుని ఊపడానికి టైము ఉంటే దెబ్బ గట్టిగా పడుతుంది. వెనక నిలబడి కొట్టేవాళ్లకి, కాక్‌ని ఆ చివరి నుంచి ఈ చివరికి పంపాల్సిన వాళ్లకి పనికొస్తుంది. కానీ ఒక దెబ్బ కొట్టాక రెండో దెబ్బకి సిద్ధం కావడం ఆలస్యమవుతుంది. తల తేలికైనది కత్తిపీట కాదు, చాకు లాంటిది. నెట్ దగ్గర, డిఫెన్స్‌లో, బల్లపరుపు దెబ్బల్లో టకటకా తిరుగుతుంది. ఆట ఇంకా తేలని వాళ్లకి సమతూకం మంచిది.

రెండోది, మొత్తం బరువు. బ్యాట్ మీద 3యూ, 4యూ, 5యూ అని ఉంటుంది. యోనెక్స్ లెక్కలో 3యూ అంటే 85 నుంచి 89 గ్రాములు. 4యూ 80 నుంచి 84. 5యూ 75 నుంచి 79. అంకె పెరిగే కొద్దీ బరువు తగ్గుతుంది. చాలామంది ఇక్కడే తికమక పడతారు. 3యూకి 4యూకి తేడా ఐదు గ్రాములే కదా అంటారా? ఈకల కాక్ ఒక్కటి 4.74 నుంచి 5.50 గ్రాముల దాకా తూగుతుంది. అంటే బ్యాట్‌కి ఒక కాక్ కట్టుకుని గంట సేపు ఊపినట్టు. మొదటి గేములో తెలియదు. మూడో గేములో తెలుస్తుంది.

మూడోది, షాఫ్ట్ ఎంత వంగుతుంది అన్నది. గట్టి షాఫ్ట్ తక్కువ వంగి వెంటనే నిటారవుతుంది. చెయ్యి చాలా వేగంగా ఊపేవాళ్లకి కాక్ ఎక్కడ పెట్టాలంటే అక్కడ పడుతుంది. ఆ వేగం లేనివాళ్లకి గట్టి షాఫ్ట్ సాయం చెయ్యదు. కొట్టినంత బలం చేతికే తిరిగొచ్చినట్టు ఉంటుంది. కాస్త వంగే షాఫ్ట్ అయితే విల్లులా లాగి వదులుతుంది కాబట్టి తక్కువ ఊపుకే కాక్ వెనక్కి వెళ్తుంది. వారానికి మూడు రోజులు సాయంత్రం ఆడేవాళ్లకి మీడియం చాలు. ఇందులో నామోషీ ఏం లేదు.

నాలుగోది, పిడి, గట్టింగ్. బ్యాట్ మీద జీ4, జీ5, జీ6 అని ఉంటాయి. యోనెక్స్‌లో అంకె పెరిగితే పిడి సన్నమవుతుంది. పిడి మరీ సన్నమైతే తెలియకుండానే గట్టిగా బిగించి పట్టుకుంటాం. మోచెయ్యికి అది మంచిది కాదు. పిడి సన్నగా అనిపిస్తే పైన ఇంకో గ్రిప్ చుట్టుకోవచ్చు, దాంతో తల కూడా కాస్త తేలికైనట్టు అనిపిస్తుంది. అదే మందమైన పిడిని సన్నం చేయలేం.

గట్టింగ్ దగ్గర అందరం చేసే తప్పు ఒకటే. ఎక్కువ పౌండ్లు అంటే ఎక్కువ పవర్ అనుకోవడం. నిజం దానికి తిరకాసు. నెట్టింగ్ కాస్త వదులుగా ఉంటేనే కాక్‌ని ఎగరేసి పంపుతుంది. అంచుకు తగిలినా పనవుతుంది. బిగించే కొద్దీ గురి పెరుగుతుంది గానీ, బలం మొత్తం మన చేతి నుంచే రావాలి. మనలాంటి వాళ్లకి 20 నుంచి 24 పౌండ్లు చాలు. ఫ్రేమ్ ఎంత టెన్షన్ తట్టుకుంటుందో బ్యాట్ మీదే రాసి ఉంటుంది. దాన్ని దాటితే ఫ్రేమ్ పగిలినా అడిగే దిక్కుండదు. తీగ కూడా అంతే. 0.70 మిల్లీమీటర్ల మందం ఉన్న బీజీ 65 లాంటిది ఎక్కువ రోజులు మన్నుతుంది. 0.65 ఉన్న సన్న తీగ దెబ్బకి టంగుమని మోగుతుంది, త్వరగా తెగుతుంది. ప్రతి గట్టింగ్‌కి ఖమ్మం బస్సెక్కాల్సిన వాళ్లు ఏది ఎంచుకోవాలో నేను చెప్పక్కర్లేదు.

సాత్విక్ స్మాష్ ఏ బ్యాట్‌తో?

ఇదంతా ఫోన్‌లో చెబుతుంటే మా తమ్ముడు మధ్యలో ఆపాడు. ‘మరి సాత్విక్ అట్ల కొడతడు గదన్నా. హెడ్ హెవీ లేకుండ ఆ స్పీడ్ ఎట్లొస్తది?’

వాడి వాల్‌పేపర్ సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డే. మన అమలాపురం కుర్రాడు. 2022 మేలో బ్యాంకాక్‌లో ఇండొనేసియాని 3-0తో ఓడించి మన దేశం మొదటిసారి థామస్ కప్ గెలిచినప్పుడు, ఆ ఫైనల్లో రెండో విజయం సాత్విక్, చిరాగ్ శెట్టి జోడీదే. మూడో విజయం మన గుంటూరు కిడాంబి శ్రీకాంత్‌ది. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సోకాలో, యోనెక్స్ ఫ్యాక్టరీలో సాత్విక్ కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్లు. గిన్నిస్ రికార్డు. అంతకుముందు పదేళ్లుగా మలేసియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్ పేరున్న 493 కిలోమీటర్ల రికార్డు దాంతో చెరిగిపోయింది.

‘ఆ 565 ఏ బ్యాట్‌తో కొట్టాడో తెలుసారా?’

‘హెడ్ హెవీయే గదా.’

‘నానోఫ్లేర్ 1000 జెడ్. హెడ్ లైట్.’

అవతల కొంచెంసేపు మాటల్లేవు. తర్వాత గూగుల్ చేస్తున్న చప్పుడు.

నిజమే. ప్రపంచంలోకెల్లా వేగమైన స్మాష్ తల తేలికైన బ్యాట్‌తో వచ్చింది. స్మాష్ అంటే బరువు మాత్రమే కాదు, చెయ్యి ఎంత వేగంగా తిరిగింది, కాక్ ఎక్కడ తగిలింది అన్నది కూడా. అలాగని ‘అయితే అదే కొంటా’ అనకండి. ఆ బ్యాట్ తల తేలికే గానీ షాఫ్ట్ మాత్రం ఎక్స్‌ట్రా స్టిఫ్. చిన్నప్పటి నుంచి రోజుకు గంటలు గంటలు ఆడి గట్టిపడిన చేతికి చేసింది. సాత్విక్ బ్యాట్ మనకు సాత్విక్ చెయ్యి ఇవ్వదు.

అదే జోడీ నుంచి నేర్చుకోవాల్సింది ఇంకొకటుంది. వెనక సాత్విక్ కొడుతుంటే, ముందు చిరాగ్ నెట్‌ని కాపలా కాస్తాడు. ఒకరు దారి తీస్తే ఇంకొకరు పాయింట్ ముగిస్తారు. బ్యాట్ కంపెనీలు కూడా ఈ లెక్క ఒప్పుకున్నాయి. యోనెక్స్ ఆస్ట్రాక్స్ 88లో డి అని ఒకటి, ఎస్ అని ఒకటి ఉంటాయి. డి వెనక ఆడేవాడికి, ఎస్ ముందు ఆడేవాడికి. ఒకే పేరుతో, ఒకే జోడీ కోసం రెండు వేర్వేరు బ్యాట్లు. అది తెలిసిన రోజు నాకు మా బావ గుర్తొచ్చాడు. మా ఇద్దరికీ రెండు రకాల బ్యాట్లు కావాల్సిన చోట, నేను బావ బ్యాట్ కొనుక్కుని, బావ చోటు లాక్కున్నాను.

మన గ్రౌండు, మన గాలి

ఇంటర్నెట్‌లో బ్యాట్ల మీద వచ్చే వీడియోలన్నీ ఏసీ ఇండోర్ కోర్టులో, ఈకల కాక్‌తో తీసినవి. మనం ఆడేది మట్టి నేల మీద, సున్నంతో గీసిన గీతల మధ్య, స్తంభానికి కట్టిన ఎల్ఈడీ లైట్ల కింద. కాక్ ప్లాస్టిక్‌ది. గాలి తనిష్టం వచ్చినట్టు వీస్తుంది.

దీంతో కొన్ని లెక్కలు మారతాయి. నైలాన్ కాక్ తగిలినప్పుడు ఈకల కాక్ అంత మెత్తగా ఉండదు. అందుకే మరీ బిగువైన గట్టింగ్, మరీ గట్టి షాఫ్ట్ రెండూ కలిస్తే చేతికి అదురు ఎక్కువ తెలుస్తుంది. నైలాన్ కాక్ డబ్బా మీద ఆకుపచ్చ, నీలం, ఎరుపు రంగులుంటాయి. ఆకుపచ్చ నెమ్మది, ఎరుపు వేగం. ఎండ ఎక్కువున్న చోట గాలి పలచబడి కాక్ మామూలు కంటే దూరం పోతుంది. ఖమ్మం ఎండలు తెలిసిన వాళ్లం కాబట్టి మనకు ఆకుపచ్చే నయం. సగం మంది ‘బ్యాట్ బాలేదు, కాక్ అవుట్ పోతోంది’ అనేది నిజానికి కాక్ రంగు తప్పు.

ఇంకోటి. నూట యాభైకి జత వచ్చే, మెడ దగ్గర జాయింట్ ఉన్న ఇనుప బ్యాట్లతో మొదలుపెట్టిన వాళ్లమే అందరం. దాని నుంచి మారేటప్పుడు ఒకేసారి పై మెట్టుకు ఎగరక్కర్లేదు. జాయింట్ లేకుండా ఒకే ముక్కగా వచ్చే మామూలు గ్రాఫైట్ బ్యాట్‌కి మారితేనే తేడా ఎంతో తెలుస్తుంది. అక్కడ ఓ ఏడాది ఆడండి. మీ ఆట ఏదో అదే చెబుతుంది.

గాజు గోడల మధ్య కూడా ఇదే పాఠం

మొన్నీ మధ్య ఆఫీసు వాళ్లు హైదరాబాద్‌లో ప్యాడెల్ ఆడదాం రమ్మన్నారు. ఇన్‌స్టా రీల్స్‌లో మీరూ చూసే ఉంటారు. చుట్టూ గాజు గోడలు, 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు కోర్టు, ఇద్దరిద్దరి జోడీలు. బంతి నేల మీద పడి గోడకు కొట్టుకుని వచ్చినా ఆడొచ్చు. 1969లో మెక్సికోలోని అకపుల్కోలో ఎన్రికే కోర్క్వెరా అనే ఆయన ఇంటి దగ్గర మొదలైన ఆట. ఇప్పుడు మన ఐటీ కుర్రాళ్ల దాకా వచ్చింది.

ప్యాడెల్ బ్యాట్‌కి తీగలుండవు. చిల్లులున్న పలక. మందం 38 మిల్లీమీటర్లు దాటకూడదు. లోపల ఫోమ్ ఉంటుంది. దాని బరువు మన షటిల్ బ్యాట్‌కి నాలుగు రెట్లు. ఆకారాలు మూడు. గుండ్రంది, నీటి బొట్టు లాంటిది, వజ్రం లాంటిది. మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు నేరుగా వజ్రం ఆకారం తీసుకున్నాడు. ఎందుకంటే పేరు బావుంది! ఆ ఆకారంలో బరువు పైన ఉంటుంది, సరిగ్గా తగలాల్సిన చోటు కూడా పైకి జరుగుతుంది. బాగా ఆడేవాళ్ల చేతిలో అది తూటా. కొత్తవాళ్ల చేతిలో బంతి ఎటు పోతుందో తెలియదు. గుండ్రటి దానిలో ఆ చోటు నడిమధ్యన, పెద్దగా ఉంటుంది. కాస్త అటూ ఇటూ తగిలినా బంతి కోర్టులోనే పడుతుంది. ప్యాడెల్‌లో గోడలు కొట్టిన దెబ్బని వెనక్కి తెచ్చి ఇస్తాయి కాబట్టి, బలం కంటే ఓపిక ఎక్కువ గెలుస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు గుండ్రందే తీసుకోండి. రెండు మూడు నెలలు కోర్టు వాళ్లిచ్చే అద్దె బ్యాట్‌తో ఆడి చూసినా తప్పులేదు.

నేను ఆ రోజు గుండ్రటి బ్యాట్ పట్టుకుని నెట్ దగ్గర నిలబడ్డా. అంత కొత్త ఆటలోనూ నా చోటు నాకు దొరికినట్టే అనిపించింది. ఆట పేరు మారింది, బ్యాట్ మారింది, ప్రశ్న మాత్రం ఆ పెద్దాయన అడిగిందే.

మా తమ్ముడి లెక్క

చెప్పినట్టే వాడు ఫోన్ ఇటుక మీద పెట్టి మూడు గేములు తీశాడు. ఆదివారం నేను ఊరెళ్లినప్పుడు ఇద్దరం అరుగు మీద కూర్చుని లెక్కపెట్టాం. మొదటి 60 షాట్లు. నెట్ దగ్గరవి, బల్లపరుపువి కలిపి 38. టాస్‌లు, డ్రాప్‌లు 13. స్మాష్‌లు 9. ఆ తొమ్మిదిలో నాలుగు నెట్‌లోకి. పాయింట్ తెచ్చినవి రెండు.

‘రెండేనా?’ అన్నాడు వాడు. మళ్లీ మొదటి నుంచి చూశాడు. రెండే.

‘నెట్ దగ్గర నొక్కినవి చూడరా’ అన్నాను. పదకొండు పాయింట్లు. వాడికే తెలియదు. ఎందుకంటే నెట్ దగ్గర పాయింట్ వస్తే చప్పుడుండదు, గ్రౌండ్‌లో ఎవరూ ఈల వేయరు.

అప్పుడు అడిగాను, ‘భుజం ఎట్లుంది?’ అని. కాసేపు దాటేసి చెప్పాడు. బస్తాలు ఎత్తిన రోజు రాత్రి లాగుతుందట. ఇంట్లో చెప్పలేదు. చెబితే ఆట మానమంటారని.

నాకు భయమేసింది అక్కడే. నాకు మోచెయ్యి నొప్పి వస్తే ఆర్నెల్లు ఆట పోయింది. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని జీతం తెచ్చుకున్నా. వాడికి భుజం పోతే ఆటతో పాటు కూలీ పోతుంది, ఫీజు పోతుంది. అదే భుజంతో పొద్దున బస్తా ఎత్తాలి, సాయంత్రం బ్యాట్ ఊపాలి. ఇది ఆ 6,800 లింక్ కింద ఎక్కడా రాయరు. నొప్పి రెండు వారాలు దాటితే ఏ బ్యాటూ మందు కాదు, డాక్టరు దగ్గరకెళ్లాల్సిందే. మేం ముందు ఆ పనే చేశాం. పెద్దదేమీ కాదన్నారు. వారం పది రోజులు బ్యాట్ ముట్టొద్దన్నారు. కొన్ని వ్యాయామాలు చెప్పారు.

తర్వాత ఇద్దరం ఖమ్మం వెళ్లాం. షాపులో నాలుగు బ్యాట్లు వేలి మీద నిలబెట్టి చూశాడు. షాపతను వింతగా చూశాడు గానీ ఏమీ అనలేదు. చివరికి 4యూ, సమతూకం, మీడియం షాఫ్ట్. 23 పౌండ్ల గట్టింగ్‌తో కలిపి 2,600 అయింది. మిగిలిన డబ్బుల్లోంచి ఆకుపచ్చ మూత కాకులు రెండు డబ్బాలు, గ్రౌండ్‌లో మాడిపోయిన లైటుకి బదులు ఇంకోటి కొన్నాడు. తక్కినవి జేబులోనే ఉన్నాయి.

పది రోజుల తర్వాత వాయిస్ మెసేజ్ వచ్చింది. ‘అన్నా, స్మాష్ కొడ్తే సౌండ్ రావట్లేదన్నా.’

‘నెట్ దగ్గర?’

‘నెట్ దగ్గర మస్తుంది.’ కాసేపాగి ఇంకో మెసేజ్. ‘బావ వెనక నుంచి కొడ్తుండు. సౌండ్ అటు నుంచి వస్తంది.’

అవును, మా బావే. నేను ఊళ్లో లేనప్పుడు ఇప్పుడు వాడూ బావా జోడీ. ఆ పండగ తర్వాత బావ నాతో మాట్లాడటానికి రెండు నెలలు పట్టింది. నేను వెళ్లి ‘బావా, నేను ముందే ఉంటా’ అన్నాక నవ్వాడు. ఆ 28 పౌండ్ల బ్యాట్ కూడా ఇప్పుడు బావ దగ్గరే ఉంది, 24కి దించి గట్టింగ్ చేయించాడు. ఆయన చేతిలో అది బాగానే మోగుతుంది.

కాబట్టి ఈ రాత్రి ఏదైనా ఆఫర్ పన్నెండింటికి అయిపోతుంటే, అయిపోనివ్వండి. రేపు సాయంత్రం ఒక ఇటుక వెతకండి. మూడు గేములు తీయండి. మీ మూడు గళ్లలో ఏది నిండిందో చూసుకున్నాక, అప్పుడు షాపుకెళ్లండి.